బంతిభోజనము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



భోజనమర్యాదలను గూర్చి మాట్లాడుమని కార్యవర్గమువారు నన్నాదేశించిరి. నేను గ్రామలెక్కలు వ్రాసికొనువాడనే కాని పండితుడను గాను. ఇచటి బీరువాలలోని గ్రంథములే నాకు గురువులు. భోజనములకు ముందు ఈ ప్రసంగము నుంచుటచే మీ యోర్పునకు పరీక్ష యగుచున్నదనియు నెరుగుదును.

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరి విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టు భోజనము ఋతువును బట్టి మారుచుండును. వానకారున మేలైన వరియన్నము, ఒలిచిన పప్పు, నాలుగైదు పోపుగూరలు, వడియములు, వరుగులు, పెరుగు, పుష్కలముగా నేయి. పచ్చికూరలు దొరకని దినములలో ఎండబెట్టి దాచిన వరుగులే గదా ఆధారము! వేసవిలో ముందుగా చందనము పూసి, నులివెచ్చని యన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, లేతకొబ్బరినీళ్లు, ఊరిన మామిడిపిందెలు, నీరుమజ్జిగ. చలికాలమున క్రొత్తబియ్యపు టన్నము, మిరియపుపొడి చల్లిన కూరలు, ముక్కున కెక్కు ఆవపచ్చళ్లు, వేడినేయి. నన్ను మిక్కిలి ఆకర్షించినది వేరొకటి గలదు. జడివానలో కట్టెలు తడిసియుండును గావున, ఇల్లాలి కన్నులకు పొగ సోకకుండుటకై కొబ్బరిపీచు మంట పెట్టించినాడు కవి. 1509 మొదలు 1529 వరకు సామ్రాజ్యమేలిన రాజునకు వంటయింటి పొగ తెలిసియుండుట సామాన్యమా?

ఇక వడ్డన. అరటియాకు కొన భోక్తకు ఎడమవైపున నుండవలెను. పప్పు, కూర, పచ్చడి, పులుసు, చారు, పెరుగు అను క్రమము మీ యింటి పిల్లలకును తెలిసినదే. బంతియందు అందరికిని వడ్డించిన పిదపనే విస్తరిచుట్టు నీరు త్రిప్పి ఆపోశనము పట్టుదురు. తాను ముగించినను, ప్రక్కవాడు ముగించువరకు లేవరాదు. నిలుచుండి తిను విందులు వచ్చిన పిమ్మట ఈ వేచియుండుట పోయినది. నాకది గొప్ప లోటుగా తోచును.

ఒకే బంతిలో ఒకరికి నేయి ధారగాను, వేరొకరికి చుక్కగాను పోయుట పంక్తిభేదమనియు, అది పాపమనియు ధర్మశాస్త్రకారులు చెప్పిరి. బంతిలో వలపక్షము కూడదని మన పెద్దలును అనుచుందురు. ఐతే మనవారు ఈ నియమమును దాటుటకు మంచి యుపాయము కనిపెట్టిరి. ఒకే బంతిలో భేదము కూడదు గావున, రెండు బంతులు చేసిరి! లెక్కలు వ్రాయువాడను, ఇట్టి సర్దుబాటు నాకు చప్పున తెలియును.

పన్నెండవ శతాబ్దమున పలనాటిలో బ్రహ్మనాయుడు ఈ సర్దుబాటు నంగీకరింపలేదు. కులభేదము లేక అందరిని ఒకే చాపపై గూర్చుండబెట్టి కూడు పెట్టించెనని పలనాటి కథ చెప్పుచున్నది. దానినే చాపకూడు అందురు. నేటికిని కారెంపూడి వీరుల యుత్సవములలో చాపకూడు జరుగుచున్నది. ఏటికొక దినము జరుగుచున్నందుకు సంతోషింపవలెనో, ఒక దినమే జరుగుచున్నందుకు విచారింపవలెనో నేను తేల్చుకొనలేకున్నాను.

నాకు పండ్రెండేండ్లప్పుడు మా యింట పెండ్లి జరిగినది. నేతిగిన్నె నాచేతి కిచ్చిరి. మొదటి బంతి వారు మా నడవలో కూర్చుండిరి. పెరటి గోడవద్ద కొందరు గిన్నెలతో నిలుచుండి మిగులునది కొరకు కనిపెట్టుకొనియుండిరి. వారిలో నా తరగతివాడే యొకడుండెను. వాడు నన్ను చూచెను. నేనును చూచితిని. గిన్నెలో నేయి సగము పైగా నుండెను. నేను మొగము త్రిప్పుకొని నడవలోనికి పోతిని. ఆజ్ఞాపించిన పెద్దలు లేరు; ఆ పని నేనే చేసితిని.

ఆ మిత్రుడు ఈ గ్రంథాలయమునకు చందాదారుడు. ప్రతి యుదయము మేమిద్దరము పత్రికను చెరిసగము చేసికొని ఒకే బల్లవద్ద చదువుచుందుము. మా యింటి శుభకార్యములకును వచ్చును. తాంబూలము పుచ్చుకొని పోవునే గాని విస్తరిముందు కూర్చుండడు. కారణము నేనెన్నడు నడుగలేదు. అడుగవలసిన యవసరమును లేదు.

నిన్న సాయంకాలము వారి యింటికేగి, రేపటి భోజనమున నా ప్రక్కన గూర్చుండవలెనని వేడుకొంటిని. నేతిగిన్నె మాటయు ఎత్తితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "చూతము" అనెను.

కార్యవర్గమువారు ఈ పూట ఒకటే బంతి వేయుచున్నారు. అరటియాకులు పరచుచున్న చప్పుడు వినవచ్చుచున్నది. మొదటి వరుస చివర రెండు విస్తళ్లు మాకై యుంచుడని వారిని కోరితిని. అతడు వచ్చువరకు నేను ఆపోశనము పట్టను. మీరు నా కొరకు ఆగవలదు, పప్పు చల్లారిపోవును.

సెలవు.