పరిశోధకుని తండ్రి యెవరు?
(సంత్రాగాఛి తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగపాఠము)



శీతకాలమున సంత్రాగాఛి సరస్సునకు వచ్చు పక్షులవలె మనమును ఉద్యోగములకై ఈ గడ్డపై వ్రాలినవారమే. ఇచటివారి ముచ్చటలును మనకు అంటుకొన్నవి. 1993లో దూరదర్శన్ ప్రసారము చేసిన ‘బ్యోంకేశ్ బక్షీ’ని మీలో పెక్కుమంది చూచియుందురు. బాసూ చటర్జీ దర్శకత్వమున రజిత్ కపూర్ ధరించిన ఆ పాత్రకు మిత్రుడు అజిత్ కలడు, భార్య సత్యవతి కలదు. కన్నవారి జాడ మాత్రము లేదు. తండ్రి పోలీసు అధికారి యేమో, హత్యకు గురియైన జమీందారేమో యని ఊహలల్లుట సులభము.

మూలరచయిత శరదిందు బంద్యోపాధ్యాయ ‘ఆదిమ రిపు’ కథలో సమాధానము చెప్పియే యున్నాడు. తండ్రి పాఠశాలలో గణితోపాధ్యాయుడు. ఇంట సాంఖ్యశాస్త్రము చదువుకొనెడివాడు. తల్లి వైష్ణవుల ఆడపడుచు. కుమారుని పదునేడవ యేట ముందు తండ్రి, పిమ్మట తల్లి క్షయవ్యాధితో గతించిరి. పిల్లవాడు విద్యార్థివేతనముతో పైచదువు చదివెను. అంతే.

ఈ నాలుగు మాటలు నాకు ఏ హత్యకన్నను బరువుగా తోచినవి. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. అంతకుముందు రోగికి పరిచర్య చేసినవారికే ఆ వ్యాధి సోకుట సామాన్యము. భర్త మంచము విడువకనే ఆ యిల్లాలు పోయినదని నా యూహ. రచయిత యట్లు వ్రాయలేదు. 1946 కల్లోలము మొదలు స్వాతంత్ర్యదినము వరకు నడచు ఆ కథలోనే వ్యోమకేశుడు హంతకుని పోలీసులకు అప్పగింపక విడిచిపెట్టును. లెక్క తేల్చిన బుద్ధి తండ్రిది, విడిచిన మనసు తల్లిది అనవచ్చునేమో! పోలీసు తండ్రిని కల్పించినచో ఈ రెండవది పొసగదు.

ఇంకొక వింత. 1965లో ‘సందేశ్’ పత్రికలో సత్యజిత్ రాయ్ ప్రవేశపెట్టిన ఫెలూదాకును తండ్రి గణితోపాధ్యాయుడే. ఢాకాలో సంస్కృతమును గూడ బోధించెను. తొమ్మిదవ యేట తల్లిదండ్రులను పోగొట్టుకొన్న ఫెలూదాను పినతండ్రి పెంచెను. రాయ్ 1967లో వ్యోమకేశుని ‘చిడియాఖానా’ను చలనచిత్రముగా తీసినవాడు. ఇది అనుకరణ యని కొందరనవచ్చును. నేననను. బడిపంతులు కుమారుడు బుద్ధిచేత పైకి వచ్చుట వంగదేశమునను, మన గోదావరీతీరమునను నిత్యము చూచినదే కదా.

అయితే ఫెలూదాను పెంచిన యింట ఒక పినతల్లియు కలదు. తోప్సే తల్లి. ఆమె ఊసు ఆ కథలలో బహు అరుదు. ఆమెను గురించి మన మహిళాసభ్యులలో ఎవరైనను రాబోవు సభలో ప్రసంగింపవలెనని నా కోరిక.