శివరాత్రి దాటినా పోని చలి
(యువజన సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

మీలో కొందరు మా హాస్టల్లో అన్నం తిని చదువుకున్నవాళ్లే. వెనక వరుసలో తల దించుకున్నవాళ్లను కూడా గుర్తుపట్టాం.

మమ్మల్ని చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చదువు గురించి ఏడాది పొడవునా చెబుతూనే ఉంటాం కాబట్టి ఈ రోజు వాతావరణం గురించి మాట్లాడతాం. పదో తరగతి పరీక్షలు, పసుపు ఎండబెట్టడం, చింతపండు దులపడం, కాఫీ పూత అన్నీ ఈ రెండు నెలల్లోనే వచ్చి పడతాయి. ఈ రెండు నెలల్లోనే ఆకాశం మాట మీద నిలబడదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని కింద మైదానంలో అంటారు. అరకు, పాడేరు, చింతపల్లి వైపు ఆ మాట నడవదు. శివరాత్రి వెళ్లిన వారానికి కూడా మా పిల్లలు తెల్లవారుజామున దుప్పటి వదలరు. మధ్యాహ్నం అదే పిల్లలు ఫ్యాను కింద చోటు కోసం తగువులాడతారు. సాయంత్రానికి ఉరుము మొదలవుతుంది.

దీనికి కారణం ఉంది. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుందని మీరు చదువుకున్నారు. అయితే రాత్రిపూట లోయలో ఇది తిరగబడుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే నేల వేడంతా పైకి పోతుంది. కొండవాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి, గెడ్డలో నీళ్లలాగే కిందికి జారి లోయలో నిలుస్తుంది. అందుకే ఒక్కోరోజు తెల్లవారేసరికి కొండ మీది ఊరికన్నా కింద పొలం దగ్గరే చలి ఎక్కువ. పొగమంచు కూడా అక్కడే పేరుకుంటుంది. వంజంగి కొండెక్కి జనం ఫోటోలు తీసుకునే మేఘాల్లో ఎక్కువ భాగం ఇదే. వాళ్లకది చూడముచ్చట. మనం మాత్రం పసుపు ఎప్పటికి ఎండుతుందా అని చూస్తాం.

ఫాల్గుణం వచ్చేసరికి పగటి ఎండ ముదురుతుంది. బంగాళాఖాతం నుంచి తేమగాలి కొండల మీదికి ఎక్కుతుంది. లోపలి ప్రాంతాల నుంచి పొడి వేడిగాలి వస్తుంది. రెండూ కలిసినచోట మధ్యాహ్నం దాటాక మబ్బు నిలువుగా లేస్తుంది. ఆపై ఈదురుగాలి, ఉరుము, ఒక్కోసారి వడగళ్లు. అనంతగిరి దగ్గర గాలికొండ ఉంది కదా, ఆ పేరు ఊరికే పెట్టి ఉండరని మా నమ్మకం. ఈ వాన ఒక కొండకు పడి పక్క కొండకు పడకపోవచ్చు. ఫోన్‌లో మండలం పేరు కొడితే కనిపించే సూర్యుడి బొమ్మ మీ ఊరి లోయ కోసం గీసింది కాదు.

ఈ వాన మంచిదా చెడ్డదా అంటే ఒకే ఇంట్లో రెండు జవాబులు వస్తాయి. ఉడకబెట్టిన పసుపు కొమ్ములు కళ్లంలో ఎండుతున్నప్పుడు తడిస్తే బూజు పడుతుంది, రంగు దిగుతుంది, వ్యాపారి ధర కోస్తాడు. చింతపండు నల్లబడుతుంది. వడగళ్లు పడితే మామిడి పూతా పిందె రాలి, మామిడి కొత్త పండుగకు కాయ వెతుక్కోవాలి. అదే ఇంటి కాఫీ తోటకు మాత్రం ఈ వానే ప్రాణం. కాఫీ మొగ్గలు నిద్రపోతూ వాన కోసం కాచుకుని ఉంటాయి. ఒక మంచి వాన, అంటే పాతిక మిల్లీమీటర్లకు అటూఇటూ పడితే, ఎనిమిది పది రోజుల్లో తోటంతా మల్లెతోటలా తెల్లబడుతుంది. రెండు మూడు రోజుల్లో పూత వాడిపోతుంది. ఆ తర్వాత పిందె నిలవడానికి ఇంకో వాన కావాలి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ కూడా ఈ మార్చి వాన ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. అమ్మ మబ్బును చూసి సంతోషిస్తుంది, నాన్న టార్పాలిన్ కోసం పరుగెడతాడు.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక మార్చి ఆదివారం. పొద్దున ఎండ బాగా కాసింది. హాస్టల్ దుప్పట్లన్నీ ఉతికించి డాబా మీద ఆరవేయించాం. మా కామాటి, పెద్దామె, తూర్పుగాలి తగులుతోంది, మధ్యాహ్నానికి తీసేద్దాం మేడమ్మా అంది. ఫోన్ చూశాం, వాన లేదని ఉంది. వింటేగా! ట్రైనింగ్ అయినవాళ్లం కదా. మూడు గంటలకు మబ్బు కమ్మింది. రాత్రి పిల్లలకు కప్పుకోవడానికి ఏమీ ఉండదన్న కంగారులో ఎదురుగా ఉన్న తొమ్మిదో తరగతి అమ్మాయిని, పరుగెత్తి తెచ్చెయ్యమ్మా అని పైకి పంపాం. ఆమె చేతినిండా దుప్పట్లతో మెట్లు దిగుతుండగా హాస్టల్ వెనక సిల్వర్ ఓక్ మీద పిడుగు పడింది. చెట్టు పైనుంచి కిందికి చీలిపోయింది. అమ్మాయికి రెండు రోజులు చెవులు హోరెత్తాయి, అంతే. నాలుగు అంగలు ఆలస్యమై ఉంటే అన్న ఆలోచన మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు. ఆ సాయంత్రం కబురు పంపితే వాళ్ల నాన్న వచ్చి, కూతుర్ని చూసుకుని, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ రాత్రి తడవని దుప్పటి ఒక్కోదాన్ని ఇద్దరు కప్పుకుని పడుకున్నారు. అప్పటి నుంచి ఉరుము వినిపిస్తే డాబా తలుపుకు తాళం. దుప్పట్లు తడిస్తే తడవనీ.

పశువుల వెంట వెళ్లే తమ్ముళ్లు, చింతచెట్లు ఎక్కే అన్నలు ఇది వినండి. మెరుపు కనిపించగానే అంకెలు లెక్కపెట్టండి. ఉరుము మూడు సెకన్లకు వస్తే పిడుగు కిలోమీటరు దూరంలో పడినట్టు. ముప్ఫై లోపే వస్తే ఇక బయట ఉండకూడదు. ఒంటరి చెట్టు కిందికి అసలే పోకూడదు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రండి. పుణెలోని ఐఐటీఎం వాళ్ల దామిని యాప్ పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. సిగ్నల్ ఉన్నచోట పెట్టుకోండి, లేనిచోట చెవులే యాప్.

ఆ పెద్దామెకు ఏం తెలుసో మాకు తెలియలేదు కాబట్టి తర్వాత హాస్టల్లో ఒక నోటుబుక్కు పెట్టాం. నిటారుగా ఉన్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, బోర్లించి గరాటులా పెట్టి, పక్కన స్కేలు అంటించాం. వాన పడితే ఎన్ని మిల్లీమీటర్లో పిల్లలు రాస్తారు. పొద్దున మంచు ఎన్నింటికి విడిచిందో, గాలి ఎటునుంచి వచ్చిందో రాస్తారు. వాన పడిన రోజు నుంచి లెక్కపెట్టి, ఊరికి వెళ్లినప్పుడు కాఫీ పువ్వు ఎన్నో రోజున విచ్చిందో చూసి వస్తారు. కామాటి ముందురోజు ఏమందో కూడా ఒక గడిలో రాస్తున్నాం. ఆమె మాట ప్రతిసారీ నిజం కాదు, ఫోన్ మాటా అంతే. ఎవరిది ఎక్కువసార్లు నిజమైందో మూడు నాలుగేళ్ల పేజీలు నిండాక చూద్దాం.

ఒక పని అడుగుతాం. ఈ నోటుబుక్కులో గాలి పేరు అని ఒక గడి ఉంది. తెలుగులో ఈదురుగాలి, పైరగాలి అని రాసి ఆగిపోయాం. కువిలో, ఆదివాసీ ఒడియాలో మీ అవ్వలు మార్చి గాలిని ఏమంటారో, మంచును ఎన్ని రకాలుగా పిలుస్తారో మాకు తెలియదు. ఇటుకల పండుగకు ఊరు వెళ్తారు కదా, అడిగి రాసుకురండి. హాస్టల్ ఎక్కడుందో మీకు తెలుసు. మూడు దాటాక రాకండి, అప్పుడు మబ్బు పడుతుంది.