అమ్మానాయన విడిపోయిన బిడ్డలకు మన సంఘాల తోడు
(హార్స్లీ హిల్స్‌లో జరిగిన సమాఖ్య శిక్షణలో చేసిన ప్రసంగం)



మొగుడూపెళ్లాల తగాదా మన కమిటీ ముందుకు వస్తే ఏం మాట్లాడతామో మీకు తెలుసు. పెట్టిన బంగారు, ఇచ్చిన డబ్బు, నెలకు ఖర్చులకెంత. అవి మాట్లాడాల్సినవే. ఆ పొద్దు బయట వరండాలో కూర్చోనుండే బిడ్డ గురించి ఈ రోజు మాట్లాడుకుందాం.

"నేను అల్లరి చేసినందుకే నాయన పోయినాడు" అనుకునే బిడ్డలు చాలామంది ఉంటారు. పెద్దోళ్లకు ఇది వింతగా ఉంటుంది గానీ, ఏడెనిమిదేండ్ల మనసుకు అదే నిజం. కొందరు బడిలో నోరు విప్పరు. కొందరు తమ్ముణ్ణి ఊరికే కొడతారు, మళ్లీ పక్క తడుపుతారు. ఊరు మాత్రం మొండి బిడ్డ అని పేరు పెడుతుంది.

అమెరికాలో రోచెస్టర్ అనే ఊర్లో 1980ల్లో జోఆన్ పెడ్రో-కారోల్ అనే సైకాలజిస్టు, తోటివాళ్లు కలిసి ఇట్లాంటి బిడ్డల కోసం బడుల్లోనే చిన్న గుంపులు పెట్టినారు. కొన్ని వారాల పాటు ఆటలు, మాటలు. తప్పు నీది కాదని నేర్పినారు. నీ చేతిలో ఉన్నదేదో, లేనిదేదో విడదీసి చూపించినారు. అమ్మానాయనను కలపడం బిడ్డ చేతిలో లేదు. "మీ మాటలు నేను మోయను, మీరే చెప్పుకోండి" అనడం ఉంది. ఆ బిడ్డల్లో దిగులు తగ్గి, బడిలో కుదురుకున్నారని పరిశీలనలో తేలింది.

పదిమంది ఆడోళ్లు ఒకచోట కూర్చుంటే నోరు లేస్తుందని మనకు తెలియనిదా? "మా నాయన కూడా వేరే ఉంటాడు" అని ఇంకో బిడ్డ అన్నప్పుడు వచ్చే ధైర్యం, మనం ఎంత చెప్పినా రాదు.

అందుకే మండలానికొక గుంపు పెడదాం అంటున్నాం. ఒకే ఈడు బిడ్డలు ఆరేడుమంది, పెద్దోళ్ల ఒప్పుదలతో, వేర్వేరు ఊర్ల నుంచి. ఒకే ఊరైతే సాయంత్రానికి కొళాయి దగ్గర మాట పాకుతుంది! నడిపేది కౌన్సెలింగ్ శిక్షణ ఉన్నవాళ్లే. పక్కన మన సభ్యురాలు ఒకరు ఉంటారు, ఆమె ఏ పక్షానికీ బంధువు కాకూడదు. బిడ్డ చెప్పింది తీర్మానాల పుస్తకంలో ఎక్కకూడదు, అమ్మకు గానీ అవ్వకు గానీ చేరకూడదు. కొడుతున్నారనో, చెడుగా ముట్టుకుంటున్నారనో చెబితే మాత్రం దాచకుండా వెంటనే 1098కి ఫోన్ చేయాల. ఈ సంగతి మొదటి రోజే బిడ్డలకూ చెప్పాల.

ఇంకోమాట. పంచాయితీలో అందరి ముందర "అమ్మ కావాల్నా, నాయన కావాల్నా" అని బిడ్డను అడగడం ఆపించండి. ఊహ తెలిసిన బిడ్డ ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే ఉంది. అది జడ్జి నిదానంగా చూసే పని, అరుగు మీద తేల్చేది కాదు. లాయరు ఖర్చుకు భయపడొద్దు. 1987 చట్టం కింద ఆడవాళ్లకు, పిల్లలకు ఉచిత న్యాయ సహాయం ఉంది, ఆదాయంతో పని లేదు.

తిండి, నిద్ర మానేసిన బిడ్డకు గుంపు చాలదు. టెలీ మానస్ 14416కి చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. కుప్పం నుంచి పనులకు పోయే రైలులోనే బెంగళూరు నిమ్హాన్స్‌కూ పోవచ్చు, అక్కడ పిల్లల మానసిక వైద్యానికి వేరే విభాగం ఉంది.

భోజనాలయ్యాక మండలాల వారీగా కూర్చుందాం. బిడ్డల పేర్లు రాయొద్దు. ఎంతమంది, ఏ ఈడు అన్నది మాత్రం చెప్పండి. మొదటి గుంపు ఎక్కడ పెట్టాలో ఈ పొద్దే తేల్చుకొని కొండ దిగుదాం.