పండు తెచ్చారు సరే, రోగి తిన్నాడా?
(ఉడికించిన ఆపిల్ తీపి గురించి రోగుల కుటుంబ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



ఆస్పత్రిలో ఉన్నవారిని చూడటానికి వచ్చేవారు ఉత్త చేతులతో రారు. ఎక్కువమంది ఆపిల్ పండ్లు తెస్తారు. అవి ప్రేమతో తెచ్చినవే. కాని మంచం పక్కనున్న బల్ల మీద ఆ కవరు అలాగే ఉండిపోయి, నాలుగు రోజులకు పండ్లు వడలిపోవడం కూడా మీరు చూసే ఉంటారు. జ్వరంతో నోరు చేదుగా ఉన్నవారు, పళ్లు ఊడిన ముసలివారు, ఆపరేషన్ తరువాత నీరసంగా ఉన్నవారు పచ్చి ఆపిల్ కొరకలేరు. "బిడ్డా, నాకు నమల రాదు, మీరే తినండ్రి" అంటారు. బల్ల మీద ఉన్న పండు వల్ల రోగికి బలం రాదు. కడుపులోకి పోతేనే వస్తుంది. అందుకే ఆ పండును మెత్తగా ఉడికించి, గోరువెచ్చగా ఎలా పెట్టాలో ఈ రోజు చెప్పుకుందాం. ఎవరికి పెట్టకూడదో కూడా తెలుసుకుందాం. వండటం ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం.

ఈ కాలంలో దొరికే పండ్లు

వానలు వెనుకబట్టి దసరా, దీపావళి వచ్చే రోజుల్లో మన బజారులో రెండు పండ్లు కనిపిస్తాయి. ఒకటి మన సీతాఫలం. మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరు మీద ఒక సీతాఫలం రకమే దేశమంతా ప్రసిద్ధి పొందింది. రెండవది ఆపిల్. ఇది హిమాచల్ ప్రదేశ్, కాశ్మీర్ తోటల నుంచి లారీల్లో వస్తుంది. అక్కడ ఆగస్టు నుంచి నవంబరు దాకా కోతలు ముమ్మరంగా ఉంటాయి కనుక ఈ నెలల్లో తాజా పండు దొరుకుతుంది. హిమాచల్ కొండల్లో ఎర్ర ఆపిల్ తోటలకు నాంది పలికినవాడు శామ్యూల్ స్టోక్స్. ఆయన 1904లో అమెరికా నుంచి కుష్ఠు రోగుల సేవ కోసం మన దేశానికి వచ్చి, 1916లో కోట్‌గఢ్ ప్రాంతంలో ఆ మొక్కలు నాటించాడు.

సీతాఫలం గుజ్జును వేడి చేస్తే చేదెక్కుతుంది. కనుక దానిని పచ్చిగానే తినాలి. దాని గింజల్లో విషముంటుంది. వాటిని నమలకుండా, పొడి కళ్లలో పడకుండా చూసుకోవాలి. ఆపిల్ మాత్రం ఉడికిస్తే మరింత రుచిగా, మెత్తగా అవుతుంది. "పండు తింటే చలువ చేస్తుంది, జలుబు వస్తుంది" అని భయపడే పెద్దవారు కూడా వెచ్చగా ఇస్తే కాదనరు.

ఒక్క మాట. ఆపిల్ ఖరీదైన పండు కాబట్టి అందులోనే ఎక్కువ బలం ఉందని అనుకోకండి. 100 గ్రాముల ఆపిల్‌లో సుమారు 85 గ్రాములు నీరే. సి విటమిన్ జామపండులో దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నల్లగొండ బత్తాయిలో కూడా ఎక్కువే. ఆపిల్ కొనడానికి అప్పు చేయవలసిన పని లేదు. ఇంటికి ఎవరైనా తెచ్చి ఇచ్చినప్పుడు దానిని వృథా చేయకుండా ఉంటే చాలు.

కావలసినవి

మధ్య రకం ఆపిల్ పండ్లు 2, మంచినీరు అర గ్లాసు, తురిమిన బెల్లం 2 చెంచాలు, యాలకుల పొడి చిటికెడు, నెయ్యి అర చెంచా. ఇది ఇద్దరికి సరిపోతుంది. దాల్చిన చెక్క ఉంటే చిన్న ముక్క వేయవచ్చు. లేకపోయినా లోటు లేదు.

తయారు చేసే విధానం

1. ముందుగా మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. పండ్లను ధారగా పడే నీటిలో బాగా రుద్ది కడగండి. మెరుపు కోసం కొన్ని పండ్లకు మైనం పూత వేస్తారు. అందుకే తొక్క తీసివేయడం మంచిది.

2. మధ్యలోని గట్టి భాగాన్ని, గింజలను పూర్తిగా తీసి, మిగతా పండును చిన్న ముక్కలుగా కోయండి. కోసిన వెంటనే పొయ్యి మీద పెడితే ముక్కలు నల్లబడవు.

3. స్టీలు గిన్నెలో ముక్కలు, నీరు, దాల్చిన చెక్క వేసి, మూత పెట్టి సన్నని మంట మీద 10 నుంచి 15 నిమిషాలు ఉడికించండి. మధ్యలో ఒకటి రెండుసార్లు కలపండి. నీరు ఇగిరిపోతే రెండు చెంచాలు పోయండి.

4. ముక్క వేళ్ల మధ్య సులభంగా నలిగితే ఉడికినట్లు. దాల్చిన చెక్క తీసివేసి, పప్పు గుత్తితో మెత్తగా మెదపండి.

5. బెల్లంలో ఇసుక ఉంటుంది కనుక కొద్ది వేడినీటిలో కరిగించి, వడకట్టి పోయండి. రెండు నిమిషాలు ఉంచి దించి, యాలకుల పొడి, నెయ్యి కలపండి.

గోరువెచ్చగా అయ్యాక ఒక చుక్క మీ ముంజేతి మీద వేసుకుని చూసి, అప్పుడు రోగికి పెట్టండి.

నీటి విషయంలో జాగ్రత్త

మన నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల వారికి ఫ్లోరైడ్ బాధ గురించి వేరే చెప్పనక్కరలేదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. చాలామంది "నీళ్లు మరిగిస్తున్నాం కదా" అనుకుంటారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. పైగా నీరు ఆవిరై దాని పాలు కొంచెం పెరుగుతుంది. వంటకు పోసిన నీరు కూడా కడుపులోకే పోతుంది. కాబట్టి పాత బోరు నీరు కాక, నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీటినిగాని, శుద్ధి చేసిన నీటినిగాని వంటకు వాడండి.

ఎవరికి ఎలా పెట్టాలి?

షుగర్ ఉన్నవారికి: "చక్కెర వద్దు కాని బెల్లం ఫర్వాలేదు" అనే మాట పొరపాటు. బెల్లం కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది, తేనె కూడా అంతే. వీరికి బెల్లం లేకుండా వండి, సగం పండుకు మించకుండా పెట్టండి. అదీ అన్నమో, జొన్నరొట్టెనో కొంత తగ్గించి పెట్టాలి. ఇన్సులిన్ తీసుకునేవారికి ఒక్కసారిగా చెమటలు, వణుకు వస్తే ఈ వంటకం కోసం పరుగెత్తవద్దు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగించి, నర్సును పిలవండి. స్పృహ లేకపోతే నోటిలో ఏమీ పోయవద్దు.

పక్షవాతం వచ్చినవారికి: మింగగలరో లేదో డాక్టరు పరీక్షించి చెప్పేదాకా ఏమీ పెట్టకండి. అనుమతి వచ్చాక నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో కొద్ది కొద్దిగా పెట్టండి. దగ్గు వచ్చినా, గొంతు గరగరమన్నా ఆపేయండి. పడుకోబెట్టి తినిపిస్తే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణాపాయం కలుగుతుంది. తిన్న తరువాత అరగంట కూర్చోబెట్టే ఉంచండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి: బత్తాయి, అరటి, కొబ్బరినీరు సాధారణంగా తగ్గించమంటారు. వాటిలో పొటాషియం ఎక్కువ. ఆపిల్‌లో తక్కువే, అయినా ఎంత తినవచ్చో డాక్టరును అడగండి. వండిన నీటిని కూడా రోజు నీటి లెక్కలో కలపండి.

చిన్న పిల్లలకు: ఆరు నెలలు నిండాక ఇవ్వవచ్చు, బెల్లం కలపవద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలే వద్దు. నాలుగేళ్ల లోపు వారికి పచ్చి ఆపిల్ ముక్కలు గొంతులో అడ్డుపడతాయి. వారికి ఉడికించినదే మేలు. విరేచనాలయ్యే బిడ్డకు ఇది మందు కాదు, ముందు ఓఆర్‌ఎస్ తాగించాలి.

ఆపరేషన్‌కు వెళ్లేవారికి: "రాత్రి నుంచి ఏమీ తినలేదు, ఒక్క చెంచా పెడదాం" అని నర్సుకు తెలియకుండా పెట్టేవారున్నారు. దయచేసి అలా చేయకండి. మత్తులో ఉండగా వాంతి అయితే ఆ ఒక్క చెంచా కూడా ఊపిరికి అడ్డుపడుతుంది. పొరపాటున పెట్టి ఉంటే దాచకుండా చెప్పండి. ఎవరూ కోప్పడరు, ఆపరేషన్ వేళ మార్చుకుంటారు.

నిలవ ఉంచవద్దు

వండిన రెండు గంటలలోపు తినిపించండి. అచ్చంపేట నుంచో, దేవరకొండ నుంచో బస్సులో వచ్చేవారు పొద్దున వండి హాట్ బాక్సులో పెట్టి మధ్యాహ్నం దాకా ఉంచవద్దు. ఆ గోరువెచ్చదనంలోనే క్రిములు పెరుగుతాయి. పండ్లను పండ్లుగానే తెచ్చి, దగ్గరలో వండుకునే వసతి ఉన్నచోట వండుకోండి. రోగి తినగా మిగిలిన ఎంగిలిని మళ్లీ వేడి చేసి పెట్టవద్దు.

చివరగా ఒక మనవి. రోగి రెండు చెంచాలు తిని చాలన్నా బలవంతం చేయకండి. రెండు గంటలాగి మళ్లీ కొత్తగా కొంచెం పెట్టండి. ఎంత తిన్నాడో నర్సుకు చెప్పండి. మందులు ఇవ్వడం మా పని, కాని మంచం పక్కన కూర్చుని ఓపికగా తినిపించడం మీవల్లే అవుతుంది. రాత్రింబవళ్లు కాచుకుని ఉన్న మీరు కూడా వేళకు ఇంత తినండి. ఆ రెండు పండ్లలో ఒకటి మీదే అనుకోండి.

 మీ వారు త్వరగా కోలుకుని ఇంటికి చేరాలని కోరుకుంటూ సెలవు.