సవారీ చేసేవాని బాధ్యత

సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు కురియుగాక!

ధర్మసోదరులారా! దైవభీతి కలిగి ఉండవలసిందిగా ముందు నాకు నేను, తరువాత మీకు ఉపదేశిస్తున్నాను.

రంజాన్ గడిచింది. షవ్వాల్ నెలతో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో పెండ్లిళ్ల కాలం మొదలైంది. నికాహ్ ప్రవక్తవారి సున్నతు. ఆ సంతోషాన్ని నలుగురితో పంచుకోవడం ధర్మసమ్మతమే. అయితే ఆ సంతోషంలో నోరులేని ప్రాణి ఒకటి మన బరువును మోస్తున్నది. నేటి ప్రసంగం దాని గురించి.

గత వేసవిలో మన ప్రాంతంలోనే ఒక నికాహ్ చదివించాను. జుహర్ నమాజు తరువాత బరాత్ బయలుదేరింది. తెల్లని ఆడగుర్రంపై వరుడు, అతని ముందు మేనల్లుడు కూర్చున్నారు. ఎదుట డీజే బండి, పక్కన టపాకాయలు, కింద కాగుతున్న తారురోడ్డు. ఆ గుర్రం కాళ్లు మార్చి మార్చి నిలబడుతున్నది. దాని డొక్కలు ఎగసి పడుతున్నాయి. కళ్లెం దగ్గర నురుగు, ఆ నురుగులో సన్నని ఎర్రటి చార. దానికి కాసిని నీళ్లు పట్టరాదా అని గుర్రపతన్ని అడిగాను. రాత్రి ఒక బరాత్ చేసి వచ్చామనీ, సాయంత్రం ఇంకొకటి ఉన్నదనీ, ఇక్కడ ఆగితే ఆలస్యమైందని డబ్బు కోస్తారనీ అతడు చెప్పాడు. నేను మరేమీ అనలేదు. శుభవేళ నలుగురి మనసు నొప్పించడమెందుకు అనుకున్నాను. వెళ్లి భోజనానికి కూర్చున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

కొన్నాళ్లకు హదీసు పాఠం కోసం అబూదావూద్ గ్రంథం తెరిచాను. అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) ఉల్లేఖనం ఎదురైంది. దైవప్రవక్త (సఅసం) ఒక అన్సారీ సహచరుని తోటలోకి వెళ్లగా, అక్కడి ఒంటె ఆయనను చూసి మూలిగింది. దాని కళ్ల నీళ్లు కారాయి. ఆయన దగ్గరకు వెళ్లి దాని తల నిమిరారు. అది శాంతించింది. దీని యజమాని ఎవరని అడిగారు. ఒక యువకుడు ముందుకు రాగా, నీ అధీనంలో ఉంచబడిన ఈ పశువు విషయంలో నీకు అల్లాహ్ భయం లేదా అని మందలించారు. ఆకలితో మాడ్చి, అలసిపోయేలా పని చేయిస్తున్నావని అది తనతో మొరపెట్టుకున్నదని చెప్పారు.

సోదరులారా! ఆ ఒంటె మొర ప్రవక్తవారికి వినిపించింది. మన వీధిలోని గుర్రం మొర నాకు కనిపించింది. కళ్లముందున్న మొరను చూసి కూడా ఊరుకున్నవాడు ఏమి జవాబు చెప్పగలడు? ఈ ప్రశ్న ఆనాటి నుండి నన్ను వదలడం లేదు.

దివ్య ఖుర్ఆన్‌లోని 'ఆదియాత్' సూరాలో అల్లాహ్ గుర్రాల మీద ప్రమాణం చేశాడు. రొప్పుతూ పరుగెత్తే గుర్రాలు, గిట్టల తాకిడికి నిప్పురవ్వలు రేపే గుర్రాలు, దుమ్ము లేపుతూ శత్రుసమూహంలోకి దూసుకుపోయే గుర్రాలు. వెంటనే మానవుడు తన ప్రభువు పట్ల కృతఘ్నుడని ప్రకటించాడు. ఈ రెండింటికీ గల సంబంధాన్ని వ్యాఖ్యాతలు వివరించారు: గుప్పెడు గడ్డి వేసిన యజమాని కోసం గుర్రం ప్రాణాలకు తెగిస్తుంది, సమస్తమూ ఇచ్చిన ప్రభువు కోసం మనిషి నిద్ర కూడా మానుకోడు. అంతటి కృతజ్ఞత గల ప్రాణిని మనం హింసిస్తే, మన కృతఘ్నతకు మనమే సాక్ష్యం చెప్పుకున్నట్లు కాదా?

గుర్రపు స్వారీలో ఈవెంటింగ్ అనే పోటీ ఒకటి ఉంది. పూర్వం అశ్విక దళాల పరీక్షగా పుట్టి, 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ నుండి ఆటగా కొనసాగుతున్నది. అందులో మూడు ఘట్టాలు: మొదటిది క్రమబద్ధమైన నడకల ప్రదర్శన, రెండవది మైదానాల్లో, గుట్టల్లో, నీటి మడుగుల్లో దుంగలనూ కందకాలనూ దాటుతూ సాగే క్రాస్ కంట్రీ, మూడవది అడ్డుకర్రల మీదుగా దూకడం. మన దేశానికి చెందిన ఫవాద్ మీర్జా 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఈ పోటీలో రెండు రజత పతకాలు సాధించాడు. టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానంలో నిలిచాడు.

అదే టోక్యోలో, 2021 ఆగస్టు 1న, క్రాస్ కంట్రీ పరుగులో స్విట్జర్లాండ్‌కు చెందిన జెట్ సెట్ అనే గుర్రం కుంటింది. కాలి లిగమెంటు తెగిపోయిందని పరీక్షలో తేలింది. కోలుకునే దారి లేకపోవడంతో వైద్యులు దానికి బాధ లేకుండా ప్రాణం తీయవలసి వచ్చింది. ఎన్ని జాగ్రత్తలున్నా ఆ క్రీడలో ఇటువంటివి జరుగుతున్నాయి. వాటిపై లోకంలో వాదోపవాదాలు ఉన్నాయి. కాని ఒక్క సంగతి గమనించండి. అక్కడ పోటీ మొదలు కాకముందే పశువైద్యులు గుర్రాన్ని నడిపించి చూస్తారు. క్రాస్ కంట్రీ ముగిసి, చివరి ఘట్టానికి వెళ్లే ముందు మళ్లీ చూస్తారు. కుంటుతున్నట్లు తేలితే పతకం చేతికి అందబోతున్నా ఇంటికి పంపుతారు. అలసిన గుర్రాన్ని బలవంతాన పరుగెత్తించడం శిక్షార్హమైన తప్పు. గుర్రం వేరొకరిదని చెప్పి రౌతు తప్పించుకోలేడు. వీపు మీద కూర్చున్నవాడే మొదటి బాధ్యుడు.

ఆటలో ఇన్ని నియమాలుంటే, ధర్మంలో ఎన్ని ఉండాలి? ఉన్నాయి సోదరులారా, వాటిని మరచింది మనమే. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనం ఉంది. దైవప్రవక్త (సఅసం) మదీనాలో గుర్రపు పందేలు నిర్వహించారు. క్రమపద్ధతిలో మేపి, పరుగుకు సిద్ధం చేసిన గుర్రాలకు హఫ్‌యా నుండి సనియ్యతుల్ వదా వరకు, అంటే సుమారు 5 నుండి 7 మైళ్ల దూరం నిర్ణయించారు. ఆ విధంగా సిద్ధం కాని గుర్రాలకు సనియ్యతుల్ వదా నుండి బనీ జురైఖ్ మస్జిదు వరకు, దాదాపు 1 మైలు మాత్రమే. ఆ పందెంలో ఇబ్నె ఉమర్ (రజి) స్వయంగా పాల్గొన్నారు. పందెం ఒకటే, కొలతలు రెండు. దూరాన్ని నిర్ణయించినది రౌతు ఉత్సాహం కాదు, గుర్రపు శక్తి.

అనస్ (రజి) తమ అలవాటును గుర్తు చేసుకున్నారు: ప్రయాణంలో మజిలీ చేరగానే పశువుల వీపులపై నుండి జీనులు, బరువులు దించిన తరువాతనే నఫిల్ నమాజుకు నిలబడేవారు. అల్లాహ్ సన్నిధిలో నిలబడటానికి ముందు పశువు వీపు ఖాళీ చేసినవారు వారు. పశువుల వీపులను పీటలుగా చేసుకొని, వాటిపై కూర్చుని ముచ్చట్లాడటాన్ని ప్రవక్త (సఅసం) వారించారు. డీజే ఎదుట గంటసేపు నిలబెట్టిన గుర్రం మీద వరునితో ఫొటోలు తీయించడం అదే కాదా?

కొందరు అంటారు: మేము గుర్రాన్ని కొనలేదు, అద్దెకు తెచ్చాము, దాని మంచిచెడ్డలు దాని యజమాని చూసుకోవాలి. దీనికి మన ఫుఖహాలు ఎనిమిది వందల ఏండ్ల క్రితమే సమాధానం వ్రాసి పెట్టారు. హనఫీ ధర్మశాస్త్ర గ్రంథమైన 'హిదాయా'లో అద్దె వ్యవహారాల అధ్యాయం చూడండి. ఒక ఊరికని పశువును అద్దెకు తీసుకొని ఆ ఊరు దాటించినవాడు, దానికేమైనా జరిగితే నష్టపరిహారానికి బాధ్యుడు. ఒప్పుకున్న దానికంటె ఎక్కువ బరువు వేసినవాడూ బాధ్యుడే. కళ్లెం గట్టిగా గుంజడం వల్ల గాని, కొట్టడం వల్ల గాని పశువు చనిపోతే అద్దెకు తీసుకున్నవాడు బాధ్యుడని ఇమాం అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. లోకంలో వాడుకగా ఉన్న మేరకైతే బాధ్యత లేదని వారి శిష్యులిద్దరూ అన్నారు. ఆ సడలింపు ఇచ్చిన ఇమాములు కూడా వాడుకను మించిన హింసను అనుమతించలేదు. నురుగులో రక్తం ఏ వాడుక కిందకు వస్తుంది?

మన దేశపు చట్టం కూడా ఇదే దారిలో ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం అశక్తమైన పశువుతో పని చేయించడాన్ని, శక్తికి మించి సవారీ చేయడాన్ని నేరంగా పేర్కొన్నది. బండి లాగే, బరువు మోసే పశువుల కోసం 1965లో వచ్చిన నిబంధనలు రోజుకు 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని వద్దంటాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు పని చేయించరాదంటాయి. మన సూర్యాపేట జిల్లాలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటడం మీకు తెలియనిది కాదు. ఆ కొలతను పెండ్లిగుర్రానికీ వర్తింపజేసుకుందాం. పల్లెల్లో బండలాగుడు పోటీలకు ఎడ్లను తోలే మన రైతు సోదరులూ ఈ మాటలను తమవిగా తీసుకోవాలి. ముల్లుగర్రతో గెలిచిన బహుమతిలో శుభం ఉండదు.

ఇక ఏమి చేయాలి? గుర్రపతని మీద కోపగించడం పరిష్కారం కాదు. ఒకప్పుడు జట్కాలతో బతికిన కుటుంబాలెన్నో ఆటోలు వచ్చాక ఆ ఉపాధి కోల్పోయాయి. పెండ్లిళ్ల సీజన్‌లో నాలుగు రోజుల సంపాదన మీదే గుర్రమూ, పిల్లలూ ఏడాదంతా తినాలి. అతడు గుర్రాన్ని మూడు చోట్లకు తిప్పుతున్నాడంటే, మనం ఒక చోట సరైన కిరాయి ఇవ్వకపోవడం కూడా ఒక కారణం. మండపానికి లక్షలు పోసి, గుర్రపు కిరాయి దగ్గర బేరమాడే చేతులు మనవే.

కాబట్టి గుర్రం లేకుండానే బరాత్ సాగితే అన్నిటికన్న మేలు. అది నికాహ్‌కు షరతు కాదు, సున్నతూ కాదు. తప్పదనుకునేవారు అసర్ తరువాతనే బయలుదేరండి. గుర్రం తన బరువులో ఐదవ వంతుకు మించి మోయరాదని అశ్వవైద్యులు చెబుతారు. 300 కిలోల గుర్రానికి జీనుతో కలిపి 60 కిలోలు. నిండు మనిషి ముందు ఇంకో పిల్లవాణ్ణి కూర్చోబెట్టకండి. ఎక్కే ముందు నాలుగు అడుగులు నడిపించి చూడండి, కుంటితే ఎక్కకండి. మెడ మీది చర్మాన్ని వేళ్లతో పట్టి వదలండి; వెంటనే సర్దుకోకపోతే దానికి దాహమని తెలుసుకోండి, బకెట్టు నీళ్లు పెట్టండి. విశ్రాంతిగా ఉన్న గుర్రం నిమిషానికి 8 నుండి 16 సార్లు మాత్రమే శ్వాసిస్తుంది; నిలబడినా డొక్కలు ఎగసిపడుతుంటే ఇక చాలు, దిగిపోండి. దాని చెవుల దగ్గర టపాకాయలు కాల్చనివ్వకండి. మాట్లాడుకున్న కిరాయి పూర్తిగా ఇవ్వండి. నీళ్ల కోసం ఆగిన సమయానికి డబ్బు కోయకండి.

నా వంతుగా ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇకపై నికాహ్ తేదీ వ్రాయించుకోవడానికి వచ్చేవారిని మహర్ ఎంత అని అడిగినట్లే, గుర్రం ఉన్నదా, ఏ వేళకు, ఎంత దూరం అని కూడా అడుగుతాను. బరాత్ దారిలో గుర్రం అలసినట్లు కనిపిస్తే ఈసారి భోజనానికి వెళ్లను. ముందు వరుణ్ణి దిగమంటాను. దానివల్ల ఎవరికైనా మనసు నొచ్చుకుంటే ఇప్పుడే క్షమాపణ కోరుతున్నాను.

గుర్రాలు మూడు విధాలని ప్రవక్త (సఅసం) బోధించారు: ఒకనికి పుణ్యం తెచ్చేది, ఒకని పరువు కాపాడేది, ఒకని మెడకు పాపభారమయ్యేది. ఆ మూడవది డాంబికం కోసం, ప్రదర్శన కోసం కట్టుకున్నది. మన గుమ్మం ముందు పూలహారంతో నిలిచిన గుర్రం ఈ మూడింటిలో ఏదో, వీపు ఎక్కకముందే ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

ఓ అల్లాహ్! నోరులేని ప్రాణుల విషయంలో మేము చేసిన అన్యాయాలను, చూసి కూడా మౌనం వహించిన మా పిరికితనాన్ని క్షమించు. మా చేతుల్లో నీవు ఉంచిన అమానతును కాపాడే శక్తినివ్వు. గుర్రాల మీద, ఎడ్ల మీద బతికే పేదల ఉపాధిలో శుభం ప్రసాదించు. మా పెండ్లిళ్లను నిరాడంబరమైనవిగా, కరుణతో నిండినవిగా చేయి. ఆమీన్.