ఖాళీ సీసాలో నీలి పోగు

 

పట్టాలు అందుకుంటున్న మీకు ఒక నీలి పోగు సంగతి చెప్పాలి. విశాఖ తీరం నుంచి తెచ్చిన నీటిని వడగట్టి, ఫిల్టర్ పేపర్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టాను. వెంట్రుక కన్నా సన్నంగా, మెలికలు తిరిగిన నీలి పోగులు కనిపించాయి. సముద్రంలో ప్లాస్టిక్ దొరికిందని లెక్క రాసేశాను. ఆ పక్కనే శుద్ధి చేసిన నీటిని అదే పద్ధతిలో వడగట్టిన పేపర్ ఉంది. దాన్ని మేం బ్లాంక్ అంటాం. అందులోనూ అవే పోగులు! అవి సముద్రానివి కావు, నా పాలిస్టర్ చున్నీవి. అంతకుముందు నెల రోజులుగా రాసిన లెక్కంతా కొట్టేశాను. ఆ తర్వాత నూలు ఏప్రన్, గాజు సీసాలు, ప్రతి గిన్నెకీ మూత.

5 మి.మీ. కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కలే మైక్రోప్లాస్టిక్‌లు. 2004లో రిచర్డ్ థాంప్సన్ బృందం రాసిన వ్యాసంతో ఈ మాట వ్యాప్తిలోకి వచ్చింది. సముద్రంలో అవి ఎన్ని ఉన్నాయని అందరూ అడుగుతారు. ఎలా పట్టారని అడిగేవాళ్లు తక్కువ. పడవ వెనక లాగే మాంటా వల కన్ను సుమారు 0.33 మి.మీ. సన్న పోగులు చాలావరకు అందులోంచి జారిపోతాయి. అదే నీటిని బకెట్‌తో తోడి సన్న ఫిల్టర్‌లో పోస్తే దొరుకుతాయి. రెండు లెక్కలూ నిజమే, కానీ వాటిని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ప్లాస్టిక్‌తో పాటు పట్టుబడే నాచును, జీవుల తుక్కును తొలగించడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతాం. దానికి సమయం పడుతుంది. తొందరపడి గాఢ ఆమ్లం పోస్తే నైలాన్ కరిగిపోతుంది. మన తీరంలో చాలా వలలు నైలాన్‌వే కదా! వెతకాల్సినదాన్ని మన చేతులతోనే మాయం చేసినట్టు. నైల్ రెడ్ రంగు వేస్తే ప్లాస్టిక్ మెరుస్తుంది, కొవ్వూ మెరుస్తుంది. అందుకే ఇన్‌ఫ్రారెడ్ లేదా రామన్ వర్ణపటం చూడకుండా ప్లాస్టిక్ అని పేరు పెట్టకండి.

పోగొట్టుకున్నదీ లెక్కలోకి రావాలి. గుర్తుపట్టగలిగే ఎర్ర ప్లాస్టిక్ రేణువులు నూరు మీరే నీటిలో కలపండి. చివరికి 70 తిరిగొస్తే 70 అనే రాయండి. ఆ అంకె దాచిన నివేదికను నేను నమ్మను.

మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం సముద్రపు నీరు ఇవ్వను. శుద్ధమైన నీళ్ల సీసా ఇచ్చి, అందులో పోగులు లెక్కపెట్టమంటాను.