లెక్కయే మూలధనము
(ఒక పఠనమందిర వార్షికోత్సవ సభలో ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



ఈ మందిరమునకు వచ్చు యువకులు కొందఱు నన్ను తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "కంప్యూటరుపై క్రీడానుకరణములను స్వయముగా రచించి, ఒకరి కొలువు చేయకుండ బ్రదుకవచ్చునా?" అని. ఇది విని నవ్వి యూరకుండు పెద్దలు పెక్కండ్రు. ఆటలాడువాడు చెడునను నమ్మకము మన యిండ్లలో నింకను పోలేదు. కాని ఆట నాడుట వేఱు; ఆటను నిర్మించుట వేఱు. రెండవది వృత్తి. కావున వృత్తికి దగిన విచారణ దానికిని జరుపవలెను.

క్రీడానుకరణ మనగా మీట నొక్కి బంతిని తన్నించు ఆట కాదు. ఇందు ఆడువాడు జట్టునకు నిర్వాహకుడు. ఎవరిని చేర్చుకొనవలెనో, ఎవరిని ఏ స్థానమున నిలుపవలెనో, ఎవరికెంత జీతమో అతడు నిర్ణయించును. పిదప ఆటగాండ్ర సామర్థ్యమును, అదృష్టమును కలిపి లెక్కవేసి కంప్యూటరు ఫలితమును చెప్పును. కావున ఈ వస్తువునకు ప్రాణము బొమ్మ కాదు, లెక్క. గొప్ప బొమ్మలకు నూర్గురు చిత్రకారులును కోట్ల ధనమును కావలెను. లెక్కకు ఒక తల, ఒక బల్ల, ఓర్పు చాలును. ఒంటరివానికి ఈ రంగమున చోటు దొరకుటకు కారణ మిదియే.

ఇది నా ఊహ కాదు, చరిత్ర. అమెరికాలో హాల్ రిచ్‌మన్ 11 ఏండ్ల ప్రాయముననే, అంగడిలో దొరకు బేస్‌బాల్ ఆట నిజమైన ఆటను పోలలేదని అసంతృప్తి నొంది, పాచికలు వేసి వేసి సొంతముగా నొక ఆటను కట్టెను. పెద్దవాడై 1961లో దానిని స్ట్రాట్-ఓ-మాటిక్ అను పేర విక్రయమునకు బెట్టెను. మొదట నష్టమే మిగిలెను. తండ్రివద్ద అప్పు దెచ్చి, ఈ సారియు ఓడినచో ఆయన భీమా వ్యాపారములో చేరుదునని మాట యిచ్చెను. చేరవలసిన అవసరము రాలేదు. ఇంగ్లండులో కెవిన్ టామ్స్ 1982లో 16 కిలోబైట్ల జ్ఞాపకము గల చిన్న కంప్యూటరునకై ఫుట్‌బాల్ మేనేజర్ ఆటను రచించి, పత్రికలో ప్రకటన వేసి తపాలా ద్వారా అమ్మెను. అచ్చటనే కాలియర్ సోదరు లిద్దఱు 1985లో ఇంటి గదిలో మొదలిడిన పని 1992లో ఛాంపియన్‌షిప్ మేనేజర్ అయి వెలువడెను. ఇంటి గదికిని అంగడికిని నడుమ ఏడేండ్లు! మార్కస్ హైన్సన్ జర్మనీ దేశస్థుడు. అచ్చట బేస్‌బాల్ నెఱిగినవారే తక్కువ. అయినను 1999లో అతడు వెలువరించిన బేస్‌బాల్ అనుకరణమును ఆ ఆట పుట్టిన అమెరికావారే ఆదరించిరి. లెక్క సరియైనదో కాదో చూచిరి గాని, కర్త ఏ ఊరివాడని చూడలేదు.

సరియైన లెక్క యన నేమి? ఇంగ్లండు ప్రీమియర్ లీగులో ఏటేట 380 పోటీలు జరుగును. 2022-23లో 1,084 గోలులు వచ్చెను. మఱుసటి యేట, అన్ని పోటీలలోనే, 1,246 వచ్చెను. సగటును బట్టీపట్టి ఏటేట ఒకే సంఖ్యను చూపు అనుకరణము అబద్ధము. 2015-16లో, ఎవరును లెక్కలో నుంచుకొనని లెస్టర్ జట్టు విజేత యాయెను. అట్టిది ఎన్నడును జరుగనీయని లెక్క అబద్ధము. ఏటేట జరిగించు లెక్క అంతకన్న అబద్ధము. సామర్థ్యమునకు ఫలమును, అదృష్టమునకు చోటును, రెంటిని న్యాయముగా పంచుటయే ఈ శిల్పము. వేయి సంవత్సరముల పోటీలను కంప్యూటరుచే ఆడించి, నిజమైన పట్టికలతో పోల్చి, తప్పు దిద్దుకొనవలెను.

ఇక నా వృత్తికి సంబంధించిన మాట. మన 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతిగా నెంచును. అనగా దానిని వ్రాసినవాడు గ్రంథకర్త. అయితే ఉద్యోగధర్మముగా వ్రాసినది, వేఱు ఒప్పందము లేనిచో, యజమానికే చెందును. హక్కుల బదలాయింపు వ్రాతమూలముగా, సంతకముతో జరుగవలెను. పత్రములో కాలము చెప్పనిచో అయిదేండ్లనియు, ప్రదేశము చెప్పనిచో భారతదేశమే యనియు చట్టము భావించును. కావున చదువకుండ సంతకము చేయకుడు!

సంతకముల విలువ యెట్టిదో కాలియర్ల కథ చెప్పును. 2003లో వారి సంస్థయు ప్రచురణకర్తయు వేఱుపడిరి. ఛాంపియన్‌షిప్ మేనేజర్ అను పేరు ప్రచురణకర్తకు దక్కెను. ప్రోగ్రామును, ఆటగాండ్ర సమాచారమును రచయితలకు దక్కెను. వారు 2004లో, పూర్వము టామ్స్ ఆటకుండిన ఫుట్‌బాల్ మేనేజర్ అను పేరుతోనే, తమ పనిని మరల వెలువరింపగా ఆడువారు పేరును వదలి లెక్క వెంట నడిచిరి. పేరు పోయినను బ్రదుకవచ్చును. పనియే పరులపాలైనచో ఏమి మిగులును?

పరుల పేరులను వాడుటలోను జాగ్రత్త వలయును. 2020లో మాంచెస్టర్ యునైటెడ్ సంఘము తన పేరు వాడుటను గూర్చి ఆ సంస్థపైనే వ్యాజ్యము వేసెను. రాజీ కుదిరి, 2021లో వచ్చిన ఆటలో ఆ జట్టు పేరు "మాన్ యు.ఎఫ్.సి." అయినది. కాలియర్ల మొదటి ఆటలో ఆటగాండ్ర పేరులు కల్పితములే. కొత్తవానికి ఆ దారి క్షేమము. డబ్బు పణముగా నొడ్డు ఆటల జోలికి మాత్రము పోకుడు. 2025లో పార్లమెంటు చేసిన చట్టము వానిని నిషేధించినది.

ఉన్న కొలువును రేపే వదలుమని నేను చెప్పను. స్టీము అను అంగడి ఆట కొక్కింటికి 100 డాలర్ల రుసుము గైకొని, అమ్మకముపై సామాన్యముగా నూటికి 30 వంతులు తీసికొనును. పెద్ద సంస్థలకును దెబ్బలు తప్పవు. కాలియర్ల సంస్థయే 2025 ఫిబ్రవరిలో, ఆ యేటి ఆటను సిద్ధము చేయలేక విరమించుకొనెను. కావున సాయంకాలములు ఈ పనికిండు. ఇంటి ఖర్చును జీతమునకే వదలుడు.

మొదలెచ్చట? మన కబడ్డీయే తీసికొనుడు. జట్టునకు 7 గురు, కూతకు 30 సెకండ్లు, ఆటకు 40 నిమిషములు. ఒక లెక్కపుస్తకము, రెండు పాచికలు చాలును. కాగితముపై వంద కూతలు ఆడించి, నిజమైన పోటీల పట్టికలతో సరిచూడుడు. కాగితముపై నిలిచిన లెక్కయే కంప్యూటరులో నిలుచును. అది నిలిచిననాడు ఈ మందిరమునకు తీసికొనిరండు. తొలుత ఆడి, తప్పులు పట్టుటకు మేము సిద్ధముగా నున్నాము.